సామర్లకోట డాక్టరు, కొండ మిరియాల తీగ



మా మండవల్లి, కైకలూరు వైపు మొక్కల మాట ఎత్తితే ముందు నోటికొచ్చే పేరు గుర్రపుడెక్క. పంట కాలవల్లో అదే, మురుగు కాలవల్లో అదే, కొల్లేటి అంచున అదే. పడవకు అడ్డం, నీటి పారుదలకు అడ్డం, వలకు అడ్డం. కాడ కింద గాలి నిండిన బుడిపె, నీళ్ళలో వేలాడే నల్లటి వేళ్ళ కుచ్చు, పైన చూడముచ్చటైన ఊదా పూలు. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలో అమెజాన్ నది. అక్కణ్ణించి బయల్దేరి ఆఫ్రికా సరస్సులు, బెంగాలు చెరువులు, మన కొల్లేరు అన్నీ ఆక్రమించింది. ఎండా నీళ్ళూ ఉంటే చాలు, ఏ దేశమైనా దానికి సొంత ఊరే.

ఇవాళ నేను చెప్పబోయే మొక్కలు దీనికి పూర్తిగా ఎదురు స్వభావం ఉన్నవి. పుట్టిన లోయను వదిలి రావు. తెచ్చి పెరట్లో నాటితే బతకవు. అటువంటివాటిని శాస్త్రజ్ఞులు ఎండెమిక్ జాతులంటారు. మనం స్థానిక జాతులనుకోవచ్చు. భూమ్మీద ఆ ఒక్క ప్రాంతంలో తప్ప సహజంగా ఇంకెక్కడా పెరగనివన్న మాట. వీటిలో మనందరికీ తెలిసినది ఎర్రచందనం. శేషాచలం, వెలిగొండ, నల్లమల దక్షిణ భాగం, ఆ చుట్టుపక్కల కొండలు, అంతే దాని రాజ్యం. అయితే అది ఎండను, రాతినేలను ఓర్చుకునే చెట్టు. నేను చెప్పేది నీడను, తడిని నమ్ముకున్నవాటి గురించి.

మండవల్లిలో కూర్చుని అడవి మొక్కల గురించి మాట్లాడటం ఏమిటని అనిపించవచ్చు. మా మండలంలో గుట్ట అన్నది కనిపించదు. మట్టి దిబ్బ ఉంటే అది చేపల చెరువు గట్టు. కానీ 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు మండవల్లి, కైకలూరు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. దాంతో ఒకే జిల్లాలో ఒక కొసన కొల్లేటి పల్లం, ఇంకో కొసన పోలవరం దగ్గర మొదలయ్యే కొండలు చేరాయి. ఆ కొండల్లోకి గోదావరి వెంట పైకి వెళితే పాపికొండలు. 2008లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన అడవి అది. దాన్ని దాటి ఉత్తరానికి, తూర్పుకి వెళితే మారేడుమిల్లి, ఆపైన గూడెం, ధారకొండ, సప్పర్ల, సీలేరు.

తూర్పు కనుమలంటే చాలామందికి మోడు కొండలే గుర్తొస్తాయి. వేసవిలో ఆకు రాల్చి, ఎండుగడ్డి మంటలకు నల్లబడి కనిపించేవి. ఎక్కువ భాగం నిజంగా అంతే. పడమటి కనుమలు అరేబియా సముద్రం మీంచి వచ్చే మేఘాన్ని గోడకట్టినట్టు ఆపేస్తాయి, అక్కడ మూడు వేల మిల్లీమీటర్లకు మించి వాన పడే చోట్లు ఎన్నో ఉన్నాయి. మన కొండలు అలా వరసగా లేవు. గోదావరి ఒకచోట, కృష్ణ ఒకచోట, పెన్న ఒకచోట చీల్చేశాయి. వానా అందులో సగం మాత్రమే. అందుకని పడమటి కనుమల్లో ఉన్నట్టు మైళ్ళ తరబడి ఏడాది పొడుగునా పచ్చగా ఉండే సతత హరితారణ్యం మన దగ్గర లేదు.

కానీ అక్కడక్కడ ముక్కలున్నాయి. రెండు కొండల మధ్య ఇరుకు లోయ, మధ్యలో వేసవిలో కూడా ఎండని వాగు, తూర్పు ఎండ పది గంటలకు గానీ లోపలికి దిగని చోటు. అటువంటి చోట గాలిలో తడి ఆరదు. అక్కడి చెట్లు ఒకేసారి ఆకు రాల్చవు. అడవి మామిడి, నేరేడు, సంపెంగ, జీలుగు, నీళ్ళ పక్కన మనిషెత్తు ఫెర్నులు, చెట్ల కొమ్మల మీద ఆర్కిడ్లు. అర్ధ సతత హరితారణ్యం అంటారు దీన్ని. మారేడుమిల్లి నుంచి చింతూరు వెళ్ళే ఘాట్ రోడ్డులో బస్సు కిటికీ పక్కన కూర్చుంటే, ఒక మలుపులో వెదురు, ఎండు ఆకులు, మరో మలుపు తిరగ్గానే ఒక్కసారి చల్లగాలి, చీకటి. ఆ చీకటి మలుపుల్లోనే మన కథ ఉంది.

ఈ కథలో మొదటి మనిషి విలియం రాక్స్‌బర్గ్. స్కాట్లండు నుంచి ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసు వచ్చిన వైద్యుడు. 1781లో సామర్లకోటకు బదిలీ మీద వచ్చాడు. జనానికి వైద్యం చేసింది ఎంతో గానీ, ఆయన మనసంతా మొక్కల మీదే. సామర్లకోటలో తోట వేశాడు. చెరకు, నీలిమందు, దాల్చినచెక్క, కాఫీ, పట్టుపురుగులకు మల్బరీ, ఒకటని కాదు. దేశీయ చిత్రకారులను కుదుర్చుకుని, మొక్క తెప్పించి, ఎదురుగా పెట్టి, ఆకు, పువ్వు, కాయ, గింజ అన్నీ విప్పి బొమ్మ గీయించేవాడు. 1787లో వచ్చిన తుపాను ఉప్పెన కోరంగి తీరాన్ని ముంచేసింది. ఆ ఏడాది వరద నీళ్ళలో ఆయన పోగుచేసిన పుస్తకాలు, ఎండబెట్టిన నమూనాలు కొట్టుకుపోయాయి. 1977 నవంబరు ఉప్పెన ఎరిగిన మన తీరం వాళ్ళకు ఆ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. ఆయన మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టాడు. అలా తయారైందే 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చయిన 'కోరమాండల్ తీరపు మొక్కలు', 300 రంగుల పటాల పుస్తకం. ఆ చిత్రకారుల పేర్లు మాత్రం మనకు మిగల్లేదు. బొమ్మలు మిగిలాయి, వేళ్ళు ఎవరివో మిగల్లేదు. రాక్స్‌బర్గ్ మీద నాకున్న గౌరవమంతటిలోనూ ఈ ఒక్క విషయం ముల్లులా గుచ్చుతుంది.

ఒక మంచి అలవాటు మాత్రం ఆయనకుండేది. మొక్కను వర్ణించిన ప్రతిచోటా, లాటిన్ పేరు పక్కన స్థానికులు ఏమంటారో రాసేవాడు. తెలుగు పేర్లు కొన్ని వందలు ఆయన పుస్తకాల్లో దొరుకుతాయి. అంటే తోటకు మొక్క తెచ్చిన కోయవాడో, కొండరెడ్డో, పల్లపు బోయవాడో చెప్పిన మాట ఆయన చెవిన పడి కాగితం మీదకెక్కిందన్న మాట.

అలా ఎక్కిన పేర్లలో ఒకటి మిరియాల తీగ.

సామర్లకోటకు ఉత్తరాన ఉన్న కొండల్లో, తడి లోయల్లో, చెట్ల మొదళ్ళను పట్టుకుని పైకి పాకే తీగ ఒకటి ఆయన కంటబడింది. ఆకు తమలపాకును పోలి ఉంది. కాయ మిరియమే. స్థానికులను అడిగితే మిరియాల తీగ అన్నారు. అప్పటికి మిరియమంటే మలబారు సొత్తు. కంపెనీ ఓడలకు బంగారం లాంటి సరుకు. అది గోదావరి కొండల్లో అడవి మొక్కగా పెరుగుతోందంటే కంపెనీ దొరలకు నిద్ర పడుతుందా? రాక్స్‌బర్గ్ రాసిన ఉత్తరాలు మద్రాసుకు, అక్కణ్ణించి లండనుకు వెళ్ళాయి. అలెగ్జాండర్ డాల్రింపుల్ అనే ఆయన వాటిని తన 'ఓరియంటల్ రిపర్టరీ'లో అచ్చువేశాడు. 1780ల చివర సామర్లకోటకు ఎగువ లోయల్లో తోట మొదలైంది. నలభై యాభై వేల తీగలు, సుమారు యాభై ఎకరాలు.

మిరియం తమలపాకుకు పినతల్లి కూతురు. ఇద్దరిదీ ఒకటే ప్రజాతి, పైపర్. పిప్పళ్ళు, చవ్యమూ ఆ ఇంటివే. తమలపాకు తోట చూసినవాళ్ళకు దీని పోకడ చెప్పకుండానే తెలుస్తుంది. తమలపాకు తీగ అవిసె చెట్టును ఎలా కరుచుకుంటుందో, అడవిలో ఇది పెద్ద చెట్టు కాండాన్ని అలా కరుచుకుంటుంది. కణుపు కణుపుకూ పొట్టి వేళ్ళు పుట్టి బెరడును పట్టేస్తాయి. నేల మీద పాకినంత కాలం పూత రాదు. చెట్టెక్కి, కొంత వెలుతురు తగిలాక పక్క కొమ్మలు వేస్తుంది. ఆ పక్క కొమ్మల మీదే ఆకుకు ఎదురుగా సన్నటి కంకి వేలాడుతుంది. అదే పూత.

పూత అన్నానే గానీ మీరు దాన్ని చూసి పువ్వు అనుకోరు. రేకుల్లేవు, రంగు లేదు, వాసన పెద్దగా లేదు. కంకి మీద ఆవగింజ కన్నా చిన్న చుక్కల్లా వరుసలు కట్టి ఉంటాయి, ఒక్కో చుక్కా ఒక పువ్వు. భూతద్దం పెడితే తెలుస్తుంది. కొన్నిటిలో రెండు మూడు పుప్పొడి తిత్తులు, కొన్నిటిలో నడుమ అండాశయం, దాని నెత్తిన మూడు నాలుగు తెల్లటి కొసలు. తొలకరి పడితే కంకులు దిగుతాయి. మనం పండించే మిరియంలో పుప్పొడి చేరవేయడానికి వాన చినుకే సగం పని చేస్తుంది. పై నుంచి జారిన చుక్క కంకి వెంట దిగుతూ పుప్పొడిని కింద పూల దాకా తీసుకుపోతుంది. తొలకరి తప్పిన ఏడు మిరియం పంట తప్పడానికి ఇదీ ఒక కారణం.

రాక్స్‌బర్గ్ ఈ కంకులను ఒక్కొక్కటే విప్పి చూశాడు. చూడబట్టే ఒక సంగతి పట్టుకున్నాడు. కొన్ని తీగల మీద అన్నీ మగ పూలే. కొన్నిటి మీద అన్నీ ఆడ పూలే. ఇంకొన్నిటి మీద ప్రతి పువ్వులోనూ రెండూ ఉన్నాయి. ఒకే జాతి మూడు రకాల తీగలుగా బతుకుతోంది. అందుకే దీనికి పైపర్ ట్రయోయికమ్ అని పేరు పెట్టాడు, మూడిళ్ళ మిరియమని. ఆయన 1815లో చనిపోయాక, 1820లో శ్రీరాంపురంలో విలియం కేరీ అచ్చువేసిన 'ఫ్లోరా ఇండికా'లో ఆ పేరు లోకానికి తెలిసింది. అంతకు ఆరేళ్ళ ముందు తెలుగుకు వ్యాకరణం రాసి అచ్చు వేయించిన కేరీ ఈయనే.

ఈ మూడిళ్ళ వ్యవహారం పుస్తకాల్లో చదువుకోవడానికి బాగుంటుంది, తోట వేసినవాడికి మాత్రం ప్రాణం మీదికొస్తుంది. మిరియాన్ని విత్తనంతో కాదు, తీగ ముక్కలతో నాటుతారు. మగ తీగ ముక్క నాటితే పదేళ్ళు నీళ్ళు పోసినా ఒక్క గింజ రాదు. ఆడ తీగ నాటితే, చుట్టుపక్కల మగ తీగ లేకపోతే కంకి వచ్చి ఎండి రాలిపోతుంది. పూత పూసేదాకా ఏది ఏదో కనిపెట్టే దారి లేదు. మలబారులో రైతులు తరతరాలుగా రెండూ ఉన్న తీగలనే ఏరుకుంటూ, వాటి ముక్కలే నాటుకుంటూ వచ్చారు. ఇవాళ మన డబ్బాలోకి వచ్చే మిరియాలన్నీ ఆ ఏరివేత ఫలితమే. మన కొండల తీగను అలా ఏరి పెట్టినవాళ్ళు ఎవరూ లేరు. అది అడవి మొక్కగానే మిగిలింది.

తోట ఏమైంది? 1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా వృక్షోద్యానానికి వెళ్ళిపోయాడు. బెంజమిన్ హెయిన్ అనే జర్మను వైద్యుడు సామర్లకోట తోటల బాధ్యత తీసుకున్నాడు. కొంతకాలానికి ఆయనకూ వేరే పనులు తగిలాయి. చరిత్రకారులు రకరకాల కారణాలు చెప్పవచ్చు గానీ, నా లెక్క ఒకటుంది. 1792లో శ్రీరంగపట్నం సంధితో టిప్పు సుల్తాను మలబారును కంపెనీకి వదులుకున్నాడు. మిరియాల సీమే చేతికొచ్చాక, గోదావరి కొండల్లో మగ తీగ ఏదో, ఆడ తీగ ఏదో వెతుక్కుంటూ కూర్చునే ఓపిక ఏ వ్యాపారికి ఉంటుంది? కంపెనీ మొక్కను ప్రేమించి తోట వేయలేదు, ధర చూసి వేసింది. ధర మారగానే వదిలేసింది.

తరవాత నూరేళ్ళకు పైగా ఈ కొండలు వృక్షశాస్త్రజ్ఞుల దృష్టిలో వెనకబడ్డాయి. వాళ్ళంతా నీలగిరి, ఆనమలై, కేరళ అడవుల మీద పడ్డారు. జ్వరాలకు భయపడి కూడా గోదావరి ఏజెన్సీలోని రంపా వైపు వచ్చేవాళ్ళు తక్కువ. అటవీ శాఖలో పనిచేసి రిటైరైన జేమ్స్ సైక్స్ గాంబుల్ 1915 నుంచి 'మద్రాసు రాష్ట్ర వృక్ష సంపద' గ్రంథం భాగాలుగా తెస్తున్నప్పుడు, మన ఉత్తర సర్కారు కొండల నుంచి కొత్త జాతులు బయటపడటం మొదలైంది. వి. నారాయణస్వామి అనే వృక్షశాస్త్రజ్ఞుడు గోదావరి ఏజెన్సీ కొండలెక్కి నమూనాలు పట్టుకొచ్చాడు. వాటిలో ఒకటి ఉసిరి, నేలఉసిరి కుటుంబానికి చెందిన చిన్న పొద. అప్పటిదాకా ఎవరూ వర్ణించనిది. గాంబుల్ దానికి 1925లో ఫిల్లాంథస్ నారాయణస్వామీ అని పేరు పెట్టాడు. అదే ఏడాది ఆయన చనిపోయాడు. తూర్పు కనుమల్లో తప్ప ఆ మొక్క లేదు. మాడుగుల కొండల పేరు మీద ఆయనే ఇంకొక మొక్కకు మెమిసైలాన్ మద్గోలెన్స్ అని పేరు పెట్టాడు. అది మన అల్లి చెట్టు జాతిది. నీలిపూల అల్లి చెట్టు తెలియని తెలుగు పల్లె ఉండదు గదా, దాని చుట్టమొకటి మాడుగుల కొండల్లో ఎవరికీ తెలియకుండా దాక్కుని ఉంది.

1925 చుట్టుపక్కల రంపా అంటే మనకు గుర్తుకొచ్చేది వేరే పేరు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు మనుషులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడి తుపాకులు తీసుకెళ్ళిన కొండలివే. మన్యం వాళ్ళను పోడు కొట్టవద్దన్న అటవీ చట్టం ఆ తిరుగుబాటుకు ఒక ముఖ్య కారణం. అడవి మీద హక్కు ఎవరిది, దాన్ని కాపాడాల్సింది ఎవరు అన్న తగాదా ఈ మొక్కల కథలో మొదట్నుంచీ ఉంది. పోడు కొట్టినవాణ్ణి తప్పుపట్టి తీర్పు చెప్పడం మైదానంలో కూర్చున్న మనకు సులువు. ఆ లోయల్లో తరాల తరబడి బతికి, మిరియాల తీగ అని పేరు పెట్టింది మాత్రం వాళ్ళే.

ఇక్కడ కొందరు శ్రోతలకు ఒక ప్రశ్న రావచ్చు. మిరియాలు కేరళ నుంచి వస్తున్నాయి, వియత్నాం నుంచి వస్తున్నాయి, ఈ అడవి తీగ ఉంటే ఏమిటి, పోతే ఏమిటి?

దీనికి జవాబు మిరియంలో కన్నా కందిలో బాగా కనిపిస్తుంది. కందికి అడవిలో దగ్గరి చుట్టం ఒకటుంది, కజానస్ కజానిఫోలియస్. ఒడిశా, బస్తరు, మన ఉత్తర కోస్తా కొండల్లో పెరుగుతుంది. మనం తినే కంది దాన్నుంచే వచ్చిందని శాస్త్రజ్ఞుల నిర్ధారణ. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధనా సంస్థ వాళ్ళు కందిలో హైబ్రిడ్ విత్తనం తయారు చేయాలని ఏళ్ళ తరబడి ప్రయత్నించారు. పుప్పొడి కట్టని ఆడ మొక్క కావాలి, అది సాగు కందిలో సరిగా దొరకలేదు. 2005లో ఈ అడవి కంది నుంచి తెచ్చిన లక్షణంతో అది సాధ్యమైంది. ఆ దారిలోనే వచ్చిన హైబ్రిడ్‌ను 2015లో తెలంగాణలో మన్నెంకొండ కంది పేరుతో విడుదల చేశారు. ఎవరూ తినని, ఎవరూ కోయని, పశువులు మేసిపోయే ఒక అడవి మొక్క పప్పు పంటకు దారి చూపింది. అది కొండ మీద మిగిలి ఉండబట్టి చూపింది.

మిరియానికీ అలాంటి అవసరం ఉంది. ఫైటాఫ్తొరా అనే సూక్ష్మజీవి వానాకాలంలో తీగ మొదలు కుళ్ళబెడుతుంది. పచ్చగా కళకళ్ళాడే తీగ కొద్ది వారాల్లో ఆకు రాల్చి ఎండిపోతుంది. తోటలకు తోటలే పోయిన సందర్భాలున్నాయి. దాన్ని తట్టుకునే వేరు కోసం వెతికి, చివరికి దక్షిణ అమెరికా నుంచి పైపర్ కొలుబ్రినమ్ అనే అడవి మిరియాన్ని తెచ్చి, దాని మొదలు మీద మన మిరియాన్ని అంటుకడుతున్నారు. గుర్రపుడెక్క వచ్చిన ఖండం నుంచే మందు కూడా వచ్చింది. పరాయి మొక్కలన్నీ శత్రువులు కావని దీనివల్ల తెలుస్తోంది. అయితే ఇంటి వెనక కొండలో ఉన్న మిరియం గుణాలేమిటో తెలుసుకోకుండా వేల మైళ్ళ అవతలకు వెళ్ళడమే నాకు మింగుడుపడదు. మన తీగ ఏ తెగులును తట్టుకుంటుందో, దాని ఘాటెంతో, ఎంత ఎండకు నిలుస్తుందో చూడాలంటే ముందు అది బతికి ఉండాలి.

చిత్రమేమిటంటే, రాక్స్‌బర్గ్ కన్న కల రెండు వందల ఏళ్ళకు వేరే రూపంలో నెరవేరింది. పాడేరు, అరకు, చింతపల్లి, గూడెం కొత్తవీధి కొండల్లో గిరిజనులు ఇప్పుడు రెండు లక్షల ఎకరాలకు పైగా కాఫీ పండిస్తున్నారు. కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్ల మీదికి మిరియాల తీగలు ఎక్కించారు. పన్నియూరు రకాలు ఎక్కువ. కేరళలో పన్నియూరు పరిశోధనా కేంద్రం 1971లో విడుదల చేసిన పన్నియూరు ఒకటి వీటికి ఆద్యం. గిరిజన సహకార సంస్థ ఆ మిరియాలు కొంటుంది. మన ఇళ్ళల్లో జలుబుకు చారు కాచుకునే మిరియాలు అవే కావచ్చు. కొండ మీద మిరియం బ్రహ్మాండంగా పండుతుందని ఆ స్కాట్లండు వైద్యుడు చెప్పిన మాట నిజమైంది. పండుతున్నది మాత్రం ఆయన చూసిన తీగ కాదు, మలబారు తీగ.

పోడు కన్నా కాఫీ మేలని అందరూ అంటారు. నేనూ అంటాను, కొంత తగ్గించి. కాఫీ తోటలో నేల మీద ఎండ పడదు, మట్టి కొట్టుకుపోదు, మనుషులకు నికరమైన ఆదాయం వస్తుంది. కానీ సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా చెట్టు. నేరేడు, సంపెంగ, అడవి మామిడి తీసేసి వరసగా దాన్ని నాటి, కింద పొదలన్నీ కొట్టి కాఫీ పెడితే, దూరం నుంచి చూస్తే అడవే, దగ్గరికెళితే తోట. నీడ ఉంది, నీడలో బతికేవి లేవు. నారాయణస్వామి తెచ్చినటువంటి చిన్న పొదలు ముందుగా పోయేది ఇలాంటి చోటనే, ఎవరి కంటా పడకుండా.

వాటికి ఆ లోయ తప్ప వేరే గతి లేకపోవడానికి గట్టి కారణమే ఉంది. మిరియం గింజనే తీసుకోండి. వడ్లు, కందుల్లాగా దాన్ని ఎండబెట్టి, గాదెలో పోసి, వచ్చే ఏడు విత్తుదామంటే కుదరదు. ఎండితే లోపలి జీవం పోతుంది. పిట్ట పండు తిని, ఇంకో తడి చోట రెట్ట వేస్తే మొలుస్తుంది. ఆ పిట్ట దాటే దూరంలో ఇంకో తడి లోయ లేకపోతే వంశం అక్కడితో సరి. మధ్యలో ఒక కొండ మోడైతే చాలు, రెండు లోయలూ రెండు దీవులైపోతాయి. గుర్రపుడెక్క ముక్క కాలవలో పడి ఇరవై మైళ్ళు కొట్టుకుపోయి బతుకుతుంది. ఈ మొక్కలకు ఆ సౌకర్యం లేదు.

ఆ లోయలకు ఇంకో రెండు వైపుల నుంచి గండం వచ్చింది. ఒకటి బాక్సైటు. గాలికొండ, జెర్రెల, చింతపల్లి కొండల నెత్తిన ఉన్న ఆ మట్టిపొర వాన నీటిని పట్టుకుని నెమ్మదిగా ఊటలకు వదులుతుంది. అది తవ్వితే కింద వాగులు ఎండుతాయని గిరిజనులు ఏళ్ళ తరబడి పోరాడారు. 2019లో ప్రభుత్వం ఆ లీజులు రద్దు చేసింది. రెండోది పోలవరం. నూట యాభై అడుగుల నీటిమట్టానికి నది పక్క లోయలు మునుగుతాయి. ఆనకట్ట వద్దని నేననను. డెల్టాలో పుట్టి నీళ్ళ విలువ తెలియనట్టు మాట్లాడితే అది కపటం. మునిగే చోట ఏ మొక్కలున్నాయో మొక్క మొక్కా రాసిపెట్టుకునే పని మాత్రం మునగకముందే చేయాల్సింది.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. మా మండవల్లి చేలకు నీరు కృష్ణ తూర్పు డెల్టా కాలవల్లోంచి వస్తుంది. 2015 నుంచి పట్టిసీమ దగ్గర పంపులు గోదావరి నీటిని ఎత్తి పోలవరం కుడి కాలవలో పోస్తే, అది ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో కలిసి ప్రకాశం బరాజుకు చేరుతోంది. సీలేరు శబరిలో కలుస్తుంది, శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది, గోదావరి పాపికొండల మధ్య నుంచి పట్టిసీమకు దిగుతుంది. అంటే ధారకొండ, సప్పర్ల చీకటి లోయల్లో చెట్ల వేళ్ళ మధ్య నుంచి కారిన నీరు తిరిగి తిరిగి మా వరి మడిలోకీ, మా చేపల చెరువులోకీ వస్తోంది. వేసవిలో ఆ వాగులు ఎండకుండా ఉండటం గిరిజనుల ఒక్కళ్ళ అవసరం కాదు.

కొండకు వెళ్ళేవాళ్ళకు నాలుగు మాటలు. ఈమధ్య కైకలూరు, గుడివాడ, భీమవరం నుంచి కుర్రాళ్ళు కారులేసుకుని మారేడుమిల్లి, గుడిసె కొండ వెళ్ళి వస్తున్నారు. వెళ్ళండి. కొండ చూడనివాడికి కొండ మీద ప్రేమ రాదు. కానీ చెట్టు మీద ఆర్కిడ్ కనబడితే పెరికి తేకండి, మన ఎండకు నెల రోజుల్లో చస్తుంది. గడ్డి కొండల మీద నిప్పు వేయకండి. బిర్యానీ పొట్లాలు, నీళ్ళ సీసాలు వాగులో పారేయకండి.

ఏలూరు, గుడివాడ, కైకలూరు, తాడేపల్లిగూడెం కాలేజీల్లో వృక్షశాస్త్రం చెప్పే మాస్టార్లకు మాత్రం ప్రత్యేకంగా ఒక విన్నపం. పిల్లల్ని విహారయాత్రకు తీసుకెళ్ళేది డిసెంబరులో. అప్పటికి మిరియాల పూత ఉండదు, ఆకులు చూసి ఏ జాతో చెప్పలేం. ఒక్కసారి జులైలో, వాన పడుతుండగా తీసుకెళ్ళండి. జలగలుంటాయి, ఉప్పు పొట్లం దగ్గర పెట్టుకోండి. అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోండి. ఊళ్ళో పెద్దవాళ్ళను అడిగితే తీగ ఎక్కడుందో చూపిస్తారు. కోయకుండా, పెరకకుండా, మగ కంకికీ ఆడ కంకికీ వేరువేరుగా దగ్గర నుంచి ఫోటోలు తీయండి. ఆకు పైభాగం, అడుగుభాగం, అది ఎక్కిన చెట్టు, ఆ ఊళ్ళో దాన్ని ఏమంటారు, అన్నీ రాయించండి. ఆ వివరాలు హైదరాబాదులో ఉన్న బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ ప్రాంతీయ కేంద్రానికి పంపండి. తీగ చూపించిన మనిషి పేరు కూడా ఆయన అనుమతితో ఆ కాగితం మీద రాయండి. రాక్స్‌బర్గ్ కాగితాల్లో అది లేదు.